రాజమండ్రిలో ఇచ్చి వచ్చిన బల్లగుడ్డ

మా ఊళ్ళో నాకు నోటిదురుసు మనిషినని పేరు. పాస్టరుగారి ప్రసంగం మరీ సాగితే చెయ్యెత్తి వాచీ చూపించేది నేనే. పెళ్ళి భోజనాల్లో పప్పులో ఉప్పు తగ్గితే పెళ్ళికొడుకు తండ్రి ఎదురుగానే అనేస్తాను. మిలటరీలో వంటవాడిగా చేసినవాణ్ణి, ఉప్పు సంగతి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? అలాంటివాణ్ణి నిండు సభలో నాకు కావలసిన ఒక్క మాట అడగలేక ఇంటికొచ్చానంటే ఎవరూ నమ్మరు. మా ఆవిడకి మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రాయడం నాకు ఆలస్యంగా వచ్చిన విద్య. మిలటరీలో చేరేటప్పుడు వేలిముద్ర వేశాను. అక్కడ సంతకం నేర్పించారు, అంతటితో సరిపెట్టారు. పొయ్యి దగ్గరుండేవాడికి అంతకంటే ఎందుకనుకున్నారో ఏమో, నేనూ అడగలేదు. పెన్షను మీద ఇంటికొచ్చాక మా ఆవిడే అక్షరాలు నేర్పింది. ఆవిడ మిషన్ స్కూల్లో ఐదో తరగతి దాకా చదివింది. పలక తెస్తానంటే, "జుట్టు నెరిసిన మనిషి పలక పట్టుకుని కూర్చుంటే ఊరంతా నవ్విపోతారండీ" అని, పనిలో తెగిపోయిన దారం ముక్కలు ఏరి సిమెంటు గచ్చు మీద అక్షరాలు పరిచేది. నేను వాటి మీద వేలితో దిద్దేవాణ్ణి. నా వేలు తగలగానే దారం చెదిరిపోయేది. "మెల్లిగా అండీ, అది చపాతీ పిండి కాదు" అనేది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు సూదులు ఆపి మరీ నవ్వేవారు. ఇప్పుడు కూడా 'ఇ' రాస్తుంటే నాకు కాగితం మీద తెల్లదారమే కనపడుతుంది.

ఆ గచ్చు మా లేసు షెడ్డుది. మొగల్తూరు దగ్గర మా ఊరు. మా వైపు ఆడవాళ్ళకి లేసు పని తాతల నాటిది. చివర కొక్కెం ఉన్న సన్నటి సూదితో, తెల్ల దారంతో పువ్వులల్లుతారు. దాన్ని చేతిపని అంటారు. పదిమంది చేతుల్లో తయారైన పువ్వుల్ని ఒకచోట చేర్చి బల్లగుడ్డగానో దుప్పటిగానో కలిపేది అతుకుపని. అసలు కష్టం అక్కడుంది. ఒకామె చెయ్యి బిగువు, ఇంకొకామె చెయ్యి వదులు. ఒకామె మొగుడితో గొడవపడి వచ్చిన రోజున అల్లిన పువ్వు రాయిలా ఉంటుంది. అన్నిటినీ ఒక్క చేతి పనిలా కలపాలి. మా ఆవిడది అతుకుపని. "అతుకు కనపడితే అది లేసు కాదు, గోనెపట్టా" అనేది.

నేను మంచు కొండల మీద రొట్టెలు కాలుస్తున్నన్నాళ్ళూ ఆవిడ ఇంటి అరుగు మీద ఈ పని చేసింది. నేనొచ్చాక ఇంటి పక్కన రేకుల షెడ్డు వేశాం. బోర్డు మీద నా పేరు, దాని కింద 'మాజీ సైనికుడు' అని రాయించింది. దారం తేవడం, తయారైన సరుకు నరసాపురం తీసుకెళ్ళి ఇవ్వడం నా పని. తక్కినదంతా ఆవిడదే.

కిందటేడు ముందు ఏడు ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. టీ గ్లాసు సాసర్లో టకటకలాడుతుంటే నీరసమనుకున్నాం. భీమవరం డాక్టరుగారు జబ్బుకి పేరు చెప్పి మాత్రలు రాశారు. వణుకు కొంత తగ్గింది గాని సూది పట్టుకునే పని మాత్రం పోయింది. అయినా పొద్దున్నే స్నానం చేసి, చీర కుచ్చిళ్ళు నా చేత సర్దించుకుని, షెడ్డులో గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. ముట్టుకోకుండానే చూపుతో పట్టేసేది. "ఆ మూల బిగించేశావేంటమ్మా, విప్పు." "నీది వదులు, నిద్రపోతూ అల్లావా?" అనేది. వాళ్ళు విప్పి మళ్ళీ అల్లేవారు. ఆ షెడ్డు తెరిచి ఉన్నంతకాలం ఆవిడ వాళ్ళందరికీ పెద్ద. అది మూసేసిన రోజున మంచం పక్కన మాత్రలు పెట్టుకున్న రోగి. ఈ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. పైకి ఎప్పుడూ అనుకోలేదు.

మిషను లేసు వచ్చి ఆర్డర్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. అదే సమయంలో రొయ్యల ఫ్యాక్టరీవాళ్ళు రొయ్యలు ఒలిచే పనికి ఆడవాళ్ళని తీసుకెళ్ళడానికి మా ఊళ్ళోకి వ్యాను పంపడం మొదలుపెట్టారు. మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, అక్క తర్వాత అతుకుపని అందుకున్న మనిషి. ఒకరోజు పనయ్యాక అందరి తరఫునా ఆవిడే నోరు విప్పింది.

"అక్కా, ఈ నెలాఖరు దాకా చూస్తాం. ఆర్డరొస్తే ఎక్కడికీ పోం. రాకపోతే మాత్రం వ్యానెక్కాలి. ఏమనుకోకు."

"ఏమనుకుంటానే, మీకూ పిల్లలున్నారు" అంది మా ఆవిడ. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ వారంలోనే నా స్నేహితుడు ఫోన్ చేశాడు. మేమిద్దరం ఒక్కరోజే మిలటరీలో చేరాం. వాడు హవల్దారుగా రిటైరై పాలకొల్లులో మంచినీళ్ళ ప్లాంటు పెట్టుకున్నాడు.

"ఒరేయ్ వంటోడా, రాజమండ్రిలో మన మాజీ సైనికుల్లో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి సదస్సంట. నెట్‌వర్కింగ్ ఉంటుందంట. పోదాం రా."

"నెట్‌వర్కింగంటే ఏంట్రా?"

"ఒకడికొకడు పరిచయం చేసుకుని పనులు ఇచ్చిపుచ్చుకోవడం. మనం క్యాంటీన్ లైన్లో నిలబడి చేసిందే. కాకపోతే ఇక్కడ ఏసీ ఉంటుంది."

పద్ధతి కూడా వాడే చెప్పాడు. గుండ్రటి బల్లల చుట్టూ కూర్చోబెడతారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. నేనెవరు, నేనేం ఇవ్వగలను, నాకేం కావాలి అన్నవి చెప్పాలి. మా ఆవిడ అది విని నాకు పాఠం తయారుచేసింది.

"మాది లేసు పని. చేత్తో అల్లింది, మిషనుది కాదు. బల్లగుడ్డలు, దిండు గలీబులు, కర్టెన్లు చేసిస్తాం. నాకొక ఆర్డరు కావాలి."

వారమంతా అదే వల్లించాను. వంటింట్లో నేను వంకాయలు వేయిస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి అప్పజెప్పించుకునేది.

"చివరి ముక్క దగ్గర గొంతు తగ్గించేస్తున్నారు."

"తగ్గించట్లేదు."

"తగ్గిస్తున్నారండీ. ఊళ్ళో అందరి పప్పులోనూ ఉప్పు అడిగే గొంతు, మీకు కావలసినదాని దగ్గరికొచ్చేసరికి ఏమైపోతోంది?"

బయలుదేరే ముందురోజు నా నల్ల ట్రంకు పెట్టె తెరిపించి అడుగునున్న బల్లగుడ్డ తీయించింది. అనాసపండు డిజైను. వణుకు రాకముందు ఆవిడ తన చేత్తో అతికిన ఆఖరి గుడ్డ అది. ఎవరో రద్దు చేసుకున్న ఆర్డరులో మిగిలిపోతే దాచుకుంది. ఉతికిన దిండు గలీబులో నా చేత మడత పెట్టించింది.

"దీన్ని ఊరికే చూపించకండి, చేతిలోకి తీసుకోనివ్వండి. చేత్తో పట్టుకున్నారంటే సగం పనైనట్టే. శాంపిలు పట్టుకెళ్ళారంటే ఆర్డరు వచ్చినట్టే."

మా లేసు పనిలో అదొక లెక్క. నచ్చనివాళ్ళు గుడ్డ మడతపెట్టి ఇచ్చేస్తారు. నచ్చినవాళ్ళు శాంపిలు తమ దగ్గరే ఉంచుకుని కొలతలు చెబుతారు.

రాజమండ్రిలో ఆ హోటలు గోదావరి గట్టుకి దగ్గర. హాల్లో తెల్ల గుడ్డలు పరిచిన గుండ్రటి బల్లలున్నాయి. నేను ముందు ఆ గుడ్డలే పట్టుకు చూశాను. పాలిస్టరు. ప్రతివాడి మెడలోనూ పేరు, వ్యాపారం రాసిన కార్డు వేశారు. అందులో ర్యాంకు లేదు. ఏం లాభం? టీ తాగేలోపల ఎవరి ర్యాంకు ఏమిటో అందరికీ తెలిసిపోయింది. వ్యాపారం సంగతి ఒక్కడూ అడగలేదు. "ఏ యూనిట్? ఎప్పుడు చేరావ్? ఎక్కడెక్కడ చేశావ్?" అనే అడిగారు. ఎవరూ చెప్పకుండానే సుబేదార్లంతా ఒక బల్లకి, హవల్దార్లంతా ఇంకో బల్లకి చేరిపోయారు. నా కళ్ళు వంటగది ఎటుందా అని వెతుకుతున్నాయి.

మైకు పట్టుకున్న అమ్మాయి నవ్వుతూ వచ్చి అందర్నీ లేపి కలగలిపి కూర్చోబెట్టింది. "అంకుల్, ఇక్కడ ర్యాంకులు మర్చిపోండి. అందరూ బిజినెస్ ఓనర్సే."

"నేను మర్చిపోతాను తల్లీ, ఈ మోకాళ్ళకి నువ్వే చెప్పాలి" అన్నాడు నా స్నేహితుడు. ఆఫీసరు కనపడితే వాటంతటవే లేచిపోతాయని వాడి బాధ. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. అదే నిజమవుతుందని అప్పుడు తెలియదు.

మా బల్ల దగ్గరికి తెల్ల మీసాల పెద్దమనిషి వచ్చి కూర్చున్నారు. నేను మెస్సులో వండిపెట్టిన రోజుల్లో ఆయన కెప్టెను. కర్నలుగా రిటైరై విశాఖపట్నంలో స్థిరపడ్డారు. ఊరు వేరు, భాష వేరు, అయినా నన్ను చూడగానే, "ఇడ్లీ!" అని కేక పెట్టారు. మంచు కొండ మీద పోస్టులో, పిండి పులవని చలిలో, స్టవ్ పక్కన గిన్నెకి దుప్పటి చుట్టి ఒకసారి ఇడ్లీ పెట్టాను. అప్పట్నుంచీ ఆయన నోట నా పేరు అదే. నా మోకాళ్ళు లేచిపోయాయి. ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు.

ఆయనకి సముద్రం ఒడ్డున గెస్ట్‌హౌసులున్నాయట. అందరితో హిందీలో అన్నారు. "నేను కొనడానికి వచ్చాను. కర్టెన్లు, దుప్పట్లు, సబ్బులు, పచ్చళ్ళు, ఏదైనా మనవాళ్ళ దగ్గరే కొందామని నా కోరిక. మొహమాటపడకుండా అడగండి."

నా స్నేహితుడు బల్ల కింద మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. 'విన్నావా, కర్టెన్లంట' అని దాని అర్థం.

వరసగా మొదలైంది. ఒకాయన సెక్యూరిటీ కాంట్రాక్టు అడిగాడు. ఒకాయన ఆవకాయ రుచి చూపించి ఆర్డరు అడిగాడు. కర్నలుగారు ఇద్దరికీ సరేనన్నారు. నా స్నేహితుడు పాలకొల్లులో ఫంక్షన్ హాళ్ళవాళ్ళు ఎవరైనా తెలిస్తే పరిచయం చెయ్యమని ఎంతో ధీమాగా అడిగాడు. నా వంతొచ్చింది. 'మాది లేసు పని' అని నాలుక చివరికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడు కర్నలుగారు నా వైపు తిరిగి, పాత రోజుల్లోలాగే అడిగారు.

"హా ఇడ్లీ, కోయీ తక్‌లీఫ్? కుఛ్ చాహియే?"

మిలటరీ తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. అక్కడ నెలకోసారి అందర్నీ కూర్చోబెట్టి పెద్ద ఆఫీసరు అడుగుతారు, ఎవరికైనా కష్టముందా, ఏమైనా కావాలా అని. దాన్ని దర్బారంటారు. ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబు. అందరం ఒక్క గొంతుతో చెప్పేవాళ్ళం. నిజంగా అడగమనే వాళ్ళు పెట్టారు గాని, అడిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. కొత్తగా వచ్చిన కుర్ర జవాను, బూట్లు బిగుతుగా ఉన్నాయన్నాడు. కొత్త బూట్లు ఇచ్చారు. సాయంత్రం మా సుబేదారు ఆ కొత్త బూట్లు తొడిగించి వాణ్ణి మైదానం చుట్టూ పరిగెత్తించాడు, మా పరువు తీశావని. ఆ తర్వాత ఎవడికీ బూట్లు బిగుతుగా లేవు.

ఆ ప్రశ్న, ఆ గొంతు, ఆ మనిషి. నా మడమలు రెండూ టక్కున కలిశాయి. ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు.

"సబ్ ఠీక్ హై సాబ్. కుఛ్ నహీ చాహియే."

అంతా బాగుంది, నాకేమీ అక్కర్లేదు. చివరి ముక్క దగ్గర గొంతు తగ్గలేదు. హాలంతా వినపడేట్టు అన్నాను.

కర్నలుగారి కళ్ళు చెమర్చాయి. నా చెయ్యి పట్టుకుని పక్క బల్లలవాళ్ళకి కూడా వినపడేట్టు అన్నారు. "చూశారా, మంచులో మాకు వండిపెట్టిన మనిషి. పొద్దుట్నుంచీ అందరూ ఏదో ఒకటి అడుగుతున్నారు. ఏమీ వద్దన్నవాడు ఇతనొక్కడే. సిపాయంటే ఇదీ!" అందరూ చప్పట్లు కొట్టారు. మైకు అమ్మాయి కూడా కొట్టింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ చప్పట్లకి నా ఛాతీ ఉబ్బింది. ఇంటి దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి ఆ కాసేపు నాకు గుర్తు రాలేదు. గంట మోగింది, బల్లలు మారమన్నారు.

భోజనాల దగ్గర నా స్నేహితుడు నన్ను గోడ పక్కకి లాక్కెళ్ళాడు.

"నీ నోరు పడిపోయిందేంట్రా? ఏమీ వద్దా? ఏమీ వద్దనడానికి బస్సెక్కి ఇంతదూరం వచ్చావా?"

"అలా వచ్చేసింది."

"వచ్చేస్తే మింగు! ఇప్పుడెళ్ళి ఆ మూట విప్పు. నోటితో ఏమీ చెప్పకు, గుడ్డే చెబుతుంది. అదుగో, అక్కడ తింటున్నారు. పో!"

వెళ్ళాను. కర్నలుగారు పెరుగన్నం తింటున్నారు. మా ఆవిడ ఎలా ఉందని అడిగారు. బాగుంది సాబ్ అన్నాను. అది కూడా అలా వచ్చేసిందే. చేతిలో ఏమిటన్నారు. గలీబులోంచి గుడ్డ తీశాను. ఆయన ప్లేటు పక్కన పెట్టేశారు. జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకున్నారు. రెండు చేతులూ చాపి గుడ్డ అందుకున్నారు. కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు. అనాసపండు పువ్వుల్లోంచి ఎండ ఆయన చొక్కా మీద పడింది.

"ఎవరు చేశారు?"

"మా ఆవిడ సాబ్."

"మా మేడమ్‌కి ఇలాంటివంటే ప్రాణం. ఎంతివ్వమంటావ్?"

ఇక్కడ నేను చెప్పవలసింది ఒక్క ముక్క. ఇది శాంపిలు సాబ్, మీకెన్ని కావాలో చెప్పండి. దానికి మిలటరీ ఏమీ అడ్డం లేదు. ఆ అడ్డం మా గోదావరి నోటిది. ఇష్టమైన మనిషి మన వస్తువు పట్టుకుని ఎంత అంటే, మా వైపు నోళ్ళకి ఒక్కటే వచ్చు.

"మీ దగ్గరేంటి సాబ్. మేడమ్‌గారికి మా ఆవిడ ఇచ్చిందనుకోండి."

ఆయన వద్దన్నారు. నేను ఊరుకోలేదు. బతిమాలి, గలీబుతో సహా ఆయన చేతిలో పెట్టాను. ఆయన నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. కార్డు నా జేబులో పెట్టి, ఎప్పుడు ఏం కావాలన్నా ఫోన్ చెయ్యమన్నారు. గుడ్డ చంకలో పెట్టుకుని కారెక్కి వెళ్ళిపోయారు. కారు గేటు దాటాక నా చేతులు ఖాళీగా ఉన్నాయని తెలిసింది.

తిరుగు బస్సెక్కాం. రావులపాలెంలో నా స్నేహితుడు అన్నాడు, "కార్డుందిగా, ఫోన్ చెయ్."

"ఏమని చెయ్యను? ఇందాక మేడమ్‌గారికిచ్చింది బహుమానం కాదు సాబ్, శాంపిలని చెప్పనా?"

"చెప్పు. తప్పేంటి?"

"నువ్వైతే చెప్పగలవా?"

సిద్ధాంతం వంతెన మీదికొచ్చింది బస్సు. వాడు కిటికీలోంచి నీళ్ళకేసి చూశాడు. "లేదులే" అన్నాడు. నా వైపు తిరిగి, "పోనీ నీ తరఫున నేను చేస్తాను" అన్నాడు.

"చేశావంటే జన్మలో నీ మొహం చూడను" అన్నాను. చూశారా, ఇలాంటి మాటలు నా నోటికి ఎంత తేలిగ్గా వస్తాయో!

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. షెడ్డులో పనైపోయినా ఒక్కరూ వెళ్ళలేదు. మా ఆవిడ కుర్చీ గుమ్మంలోంచి వీధిలోకి జరిపించుకుని కూర్చుంది. నా చేతులకేసి చూసింది.

"గుడ్డేదండీ?"

"సాబ్ తీసుకున్నారు."

"తీసుకున్నారా!" కుర్చీలోంచి సగం లేచింది. లోపలికి తిరిగి కేకేసింది. "ఏమే, శాంపిలు తీసుకున్నారంట!"

ఆడవాళ్ళంతా బిలబిలా బయటికొచ్చారు. మా మరదలు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "మొత్తానికి బావగారి నోరు ఇన్నాళ్ళకి ఒక మంచిపనికి పనికొచ్చింది" అంది. అందరూ నవ్వారు. ఎవరో టీ పెట్టడానికి లోపలికి పరిగెత్తారు. ఇంకొకామె ప్రభువుకి స్తోత్రమంది. మా ఆవిడ మొహం చాలా కాలం తర్వాత అలా చూశాను. చెయ్యి ఒళ్ళో వణుకుతూనే ఉంది గాని ఆవిడ దాన్ని దాచుకోవడం మర్చిపోయింది.

"ఎన్ని కావాలన్నారు? ఏ సైజంట? ఎప్పటికివ్వాలి?"

అందరూ నా నోటికేసి చూస్తున్నారు. నేనన్నాను, "అంతా బాగానే ఉంది."

ఆవిడ ఆగిపోయింది.

నేను మిలటరీలో ఉన్నన్నాళ్ళూ మా ఉత్తరాల్లో ఉన్న మాట అదే. నాకు చదవడం రాదు, ఆవిడ రాసింది బ్యారక్‌లో ఎవరో పరాయివాడు పదిమందిలో చదివి వినిపించేవాడు. నా తరఫున రాసేదీ పరాయివాడే. ఇక లోపలి మాటలు ఎలా రాసుకుంటాం? తుఫానుకి మా ఇంటి కప్పు ఎగిరిపోయిన నెలలో కూడా ఆవిడ 'ఇక్కడ అంతా బాగానే ఉంది' అనే రాసింది. మరిగే నూనె ఒలికి నా చెయ్యి కాలి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ అదే రాయించాను. సెలవుకొచ్చినప్పుడు నేను కొత్త కప్పు చూసేవాణ్ణి, ఆవిడ నా చేతి మచ్చ చూసేది. నా నోట ఆ మాట వింటే ఆవిడకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

మెల్లిగా కుర్చీలో కూర్చుంది. "మీరు ఇళ్ళకి వెళ్ళండమ్మా. ఆయన అలిసిపోయి వచ్చారు. పొద్దున్న మాట్లాడుకుందాం" అంది. వాళ్ళు టీ కూడా తాగకుండానే వెళ్ళారు. వీధిలో చాలాదూరం దాకా వాళ్ళ కబుర్లు వినపడ్డాయి. సంతోషంగానే మాట్లాడుకుంటూ వెళ్ళారు.

"అడగలేదు కదూ?" అంది.

"లేదు."

"మరి గుడ్డ?"

"మేడమ్‌గారికని ఇచ్చేశాను."

చెయ్యి మళ్ళీ కొంగు కింద దాచుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. నేను తిట్లకి అలవాటుపడ్డవాణ్ణి.

"నా చేత్తో అతికింది ఇంకేదీ ఇంట్లో లేదండీ" అంది. నింద వేసినట్టు కాదు, ఇంట్లో పంచదార అయిపోయిందని చెప్పినట్టు.

"తెలుసు."

మళ్ళీ తనే అడిగింది. "చేతిలోకి తీసుకున్నారా?"

"తింటున్న ప్లేటు పక్కన పెట్టి, వేళ్ళు తుడుచుకుని తీసుకున్నారు."

"తుడుచుకున్నారా?" అంది. ఆ మాట తనలో తనే ఇంకోసారి అనుకుంది.

పొద్దున్న నేనే చెబుదామని షెడ్డులోకి వెళ్ళాను. ఆవిడ నాకంటే ముందే వెళ్ళి కుర్చీలో ఉంది. "ఆ సాబ్‌గారికి మన రకం కుదర్లేదంటమ్మా. వాళ్ళ గదులకి రంగులవి కావాలంట" అని చెప్పేసింది. నా పరువు కాపాడటానికి తన లేసుని తనే తక్కువ చేసుకుంది. మా మరదలు అక్క మొహం చూసింది, నా మొహం చూసింది. ఆ మనిషి దగ్గర ఏదీ దాగదు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి ఆ రోజు నన్ను ఒక్క మాట అనకుండా వెళ్ళి తన చాప మీద కూర్చుంది. నాకది చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

నెలాఖరుకి చేతిలో ఉన్న పువ్వులు పూర్తిచేసి, మిగిలిన దారం ఉండలు గంపలో పెట్టి అందరూ వ్యానెక్కారు. ఆదివారం చర్చి దగ్గర కలిసినప్పుడు మా మరదలు వేళ్ళు చూపించింది. తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. "రోజంతా ఐసు నీళ్ళలో నానతాయి బావగారూ. ఇంటికొచ్చి సూది పట్టుకుందామంటే వేళ్ళకి దారం ఆనట్లేదు" అంది.

మా ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే కుచ్చిళ్ళు సర్దించుకుంటుంది. షెడ్డులోకి వెళ్ళదు. కుర్చీ వీధి గుమ్మంలో వేయించుకుని వ్యాను వెళ్ళేదాకా కూర్చుంటుంది. వాళ్ళు కిటికీల్లోంచి చేతులూపుతారు. ఈవిడా ఊపుతుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి ఆ వణుకు కూడా చెయ్యి ఊపినట్టే ఉంటుంది. వ్యాను మలుపు తిరిగాక, మంచం మీదికి వెళ్ళి అటు తిరిగి పడుకుంటుంది.

మొన్న నా ఫోనులోకి కర్నలుగారి ఫోటో ఒకటి వచ్చింది. భోజనాల బల్ల మీద మా గుడ్డ పరిచి ఉంది. పక్కన ఆయన భార్య నవ్వుతూ కూర్చున్నారు. దాంతోపాటు ఆయన గొంతు కూడా పంపించారు. "ఇడ్లీ, మేడమ్ నీ భార్యకి నమస్కారాలు చెప్పమంది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. నీకేం కావాలన్నా నాకు చెప్పాలి, తెలిసిందా?"

ఫోన్ పట్టుకుని మా ఆవిడ మంచం దగ్గరికెళ్ళి వినిపించాను. హిందీ కదా, తెలుగులో చెప్పాను. "ఈసారి అడిగేస్తాను" అన్నాను. ఆ నాలుగు ముక్కలూ నాకు ఇంకా కంఠతా వచ్చు. మైకు బొమ్మ మీద వేలు కూడా పెట్టాను.

"ఇప్పుడు ఆర్డరిస్తే ఎవరు అల్లుతారండీ?" అంది.

మైకు బొమ్మ మీంచి వేలు తీసేశాను.

"బాగున్నామని చెప్పండి" అంది.

చెప్పాను. సబ్ ఠీక్ హై సాబ్. ఆయన వెంటనే బొటనవేలు బొమ్మ పంపారు.

ఆవిడ ఫోన్ ఇలా ఇమ్మంది. ఫోటో పెద్దది చేసి చూడాలని వేళ్ళు పెట్టింది. వేళ్ళు వణికి ఫోటో ఒకసారి పెద్దదై, ఒకసారి చిన్నదై, చివరికి పక్కకి జారిపోయింది. నేను ఫోన్ తీసుకుని, గుడ్డ నిండా కనపడేట్టు పెద్దది చేసి, కదలకుండా ఆవిడ మొహం ముందు పట్టుకున్నాను. చాలాసేపు చూసింది.

"నా కళ్ళద్దాలు లేవు, మీరు చూసి చెప్పండి" అంది. "అతుకు ఎక్కడైనా కనపడుతోందా?"

కళ్ళద్దాలు ఆవిడ మొహానే ఉన్నాయి. నేను వంగి, ఒక్కో పువ్వూ జరుపుకుంటూ, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెతికాను.

"లేదే. ఎక్కడా కనపడట్లేదు" అన్నాను.